మీటరు పెట్టె చుట్టూ మెడ వంచిన మేక

నా బొమ్మను నా చేతే కాపీ కొట్టించబోయాడు ఒకాయన. కథ అక్కణ్ణించే మొదలుపెడతాను. మా నాయన ఎవరు, నేను ఏ బళ్లో చదివాను అంటూ మొదలుపెడితే, సెల్‌ఫోను మీద వేలితో బొమ్మలు గీసే ఈ కాలం పిల్లలు మీరు, రెండో వాక్యానికే పారిపోతారని నాకు తెలుసు.

ఆత్మకూరులో ఒక ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు కబురు పెట్టాడు. నర్సరీ పిల్లలకు కొత్త గదులు కట్టాం, గోడల మీద బొమ్మలు వెయ్యాలి, రమ్మని. నిచ్చెన, బ్రష్షుల సంచి ఆటోలో వేసుకుని వెళ్లాను. ఆయన తన బల్ల మీదున్న రంగురంగుల పిల్లల పుస్తకం ఒకటి నా ముందుకు తోశాడు.

"ఇందులో మేక ఉండాది చూడమ్మా. పేజీకో చోట తిరుగుతా ఉంటాది. పిల్లోళ్లు దీన్ని చూస్తే వదలడంలా. ఉన్నదున్నట్టు ఎయ్యి. నీ సొంత తెలివి మాత్రం చూపించొద్దు."

పుస్తకం తెరిచాను. మొదటి పేజీలోనే ముందరి కాళ్లు పైకెత్తి నిలబడి, కొమ్మకున్న ఆకు అందుకుంటోంది మేక. ఎడమ చెవి చిరిగి ఉంది. ఒక కొమ్ము రెండోదానికంటే పొట్టి. కళ్లల్లో నేనెవరికీ భయపడను అనే పొగరు.

"సార్, ఈ మేక నాది" అన్నాను.

"మేక ఎవురిదైతే ఏంది, బొమ్మ ఎయ్యడానికి?"

"ఈ బొమ్మ నాది సార్. దీన్ని పుట్టించింది నేను."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "ఎండన పడి వచ్చినట్టుండావు. ముందు మంచినీళ్లు తాగు" అన్నాడు.

తాగలేదు. నిచ్చెన మళ్లీ ఆటోలో వేసుకుని వచ్చేశాను. వస్తూ వస్తూ ఆ పుస్తకం మాత్రం అడిగి తెచ్చుకున్నాను. ఇవ్వనంటే లాక్కొచ్చేదాన్నే, అది వేరే సంగతి.

మా పని గురించి కాస్త చెప్పాలి, లేకపోతే నా కోపం మీకు అర్థం కాదు. ఆత్మకూరు బస్టాండు వెనక సందులో మా బోర్డుల దుకాణం. నెల్లూరులో డిగ్రీ చదివి వచ్చి ఈ పనిలో దిగానని మా బంధువులు చాలాకాలం నా ఎదుట జాలిపడ్డారు, వెనక నవ్వుకున్నారు. దుకాణంలో అక్షరాలు రాసేది మా భాగస్వామి, నాకంటే పెద్దాయన. బొమ్మలు నావి. నన్ను ఆయన చెల్లే అనేవాడు, నేను అన్నా అనేదాన్ని, పొద్దస్తమానం పోట్లాడుకునేవాళ్లం. ఎన్నికలొస్తే నాయకుల మీసాలు, పండగలొస్తే క్యాలెండరు చూసి దేవుళ్లు, మిగతా రోజుల్లో పళ్ల డాక్టరు బోర్డు మీద దంతాలు. ఎవరో గీసింది చూసి, గళ్లు కొట్టి, పెద్దది చేసి గోడకెక్కించడమే మా బతుకు. ఫ్లెక్సీలు వచ్చాక అదీ పోయింది. అప్పుడు మిగిలినవి బడిగోడలు.

ఆ మేక ఆ బడిగోడల కాలంలో పుట్టింది. ఉదయగిరి దాటి వరికుంటపాడు వైపు పోతే రోడ్డుకు కొంచెం లోపలగా ఒక ఊరు. మా అవ్వ పుట్టిన ఊరు. ఆ ఊరి బడిలో అప్పుడున్న హెడ్మిస్ట్రెస్ మా దుకాణానికి వచ్చి, "పిల్లలు ఒక్కొక్కరే ప్రైవేటు బడికి పోతున్నారమ్మా. గోడ మీద ఏదన్నా వేస్తే నిలబడతారేమో. రంగులు ఊళ్లో చందా వేసి కొంటాం. కూలి మాత్రం ఇవ్వలేం" అంది. మా అన్న కళ్లతోనే వద్దని సైగ చేశాడు. నేను సరేనన్నాను. అవ్వ ఊరు కదా.

వేసవి సెలవుల్లో పని మొదలుపెట్టాను. రోజూ ఒక మేక వచ్చేది. ముళ్లకంపలో చిరిగిన చెవి. నేను గోడకు అంటించిన నమూనా కాగితాలు నమిలేసేది. తరిమితే పోయినట్టే పోయి నా టిఫిను డబ్బా వెనక ప్రత్యక్షం. ఏ క్యాలెండరు చూసి ఏం వెయ్యాలా అని తలబద్దలు కొట్టుకుంటున్న నాకు అప్పుడు తట్టింది, ఎదురుగా నిలబడి నా కాగితాలు తింటున్న దీన్నే వేస్తే పోలేదా అని. దానికి చింకి అని పేరు పెట్టాను. ఉదయగిరి కొండ దిగి, బస్సెక్కి, సంతలో గొడవ చేసి, చివరికి సోమశిల నీళ్లల్లో తన మొహం తాను చూసుకుని మురిసిపోయే మేక. గోడ ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఒకటే ప్రయాణం. ఎవరి బొమ్మా చూడకుండా నేను వేసిన మొట్టమొదటి బొమ్మ అది.

ఒక్క మాట. గోడ కాగితం కాదు. కాగితం మీద మీకు అడ్డం ఏదీ ఉండదు. గోడ మీద కిటికీ ఉంటుంది, వానగొట్టం ఉంటుంది, సరిగ్గా బొమ్మ మధ్యలోకి వచ్చేట్టు కరెంటు మీటరు పెట్టె ఉంటుంది. వాటిని తీసెయ్యమనలేం, వాటి మీద వెయ్యలేం. అందుకని గోడ పనివాళ్లం బొమ్మనే వంచుతాం. చింకి ఆకు అందుకునే చోట మీటరు పెట్టె ఉంది, కాబట్టి దాని మెడను పెట్టె కింద నుంచి తిప్పి పక్కకు తీసుకొచ్చాను. కిటికీ పైన ఉదయగిరి కొండను ఒక మెట్టులా కోశాను. వానగొట్టం అడ్డమొచ్చిన చోట బస్సు ముందు చక్రం సగమే వేశాను. గోడ దగ్గర నిలబడి చూస్తే ఏదీ తేడాగా అనిపించదు.

పిల్లలు నిలబడ్డారు. చింకి పేరు పాకింది. సంగం వైపు నుంచి, ఆత్మకూరు చుట్టుపక్కల నుంచి బడులవాళ్లు పిలిచారు. వాళ్ల దగ్గర కూలి తీసుకునే వేశాను. ప్రతి గోడకూ అడ్డాలు వేరు, కాబట్టి ప్రతి గోడ మీదా చింకి వంపులు వేరు.

ఇప్పుడు ఆ పుస్తకం దగ్గరికి రండి. దుకాణంలో కూర్చుని పేజీలు తిప్పాను. మేక మెడ గాలిలో ఏదో పెట్టె ఉన్నట్టు కింద నుంచి తిరిగి పక్కకు వస్తోంది. పెట్టె లేదు. కొండకు మధ్యలో మెట్టు ఉంది. కిటికీ లేదు. బస్సు ముందు చక్రం సగమే ఉంది. గొట్టం లేదు. నాకు నవ్వాగలేదు. నవ్వుతూనే ఏడుపొచ్చింది. మా అన్న భయపడిపోయాడు.

"ఏందమ్మా అట్ట నవ్వుతుండావు?"

చూపించాను. ఆయన అద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"మన ఉదయగిరి గోడే" అన్నాడు. "ఎవురో ఫోటో తీసుకోని పోయి గీసినారు. అయినా మనం చేసిందేంది చెల్లే ఇన్నాళ్లూ? ఎవురిదో చూసి ఎయ్యడమే గదా. వదిలెయ్."

"మనం పళ్ల డాక్టరు దగ్గరికి పోయి, ఈ దంతాలు నేను కనిపెట్టినానని చెప్పినామా అన్నా? లోపలి పేజీ చూడు. కథ, బొమ్మలు మా సంస్థ చిత్రకారుడివి అని వేసుకున్నారు. చింకి పేరు కూడా మార్చేసినారు."

"ఏం పెట్టినారు?"

"జాక్."

ఆయన పుస్తకం మూసేశాడు. "మన చింకి జాక్ ఎట్టయిందే? లాయరు దగ్గరికి పో" అన్నాడు. ఇంగ్లీషు పేరు ఆయన్ని కదిలించినంతగా నా వాదన ఏదీ కదిలించలేదు.

ఆత్మకూరు లాయర్ల గురించి చెడ్డగా చెప్పను. ఊళ్లో ఉండాలి కదా. మొదటాయన పొలం గట్ల కేసుల్లో దిట్ట. నేను చెప్పిందంతా శ్రద్ధగా విని, "అదంతా సరేనమ్మా, సర్వే నంబరెంత?" అన్నాడు. రెండో ఆయన, కాపీరైటనేది సినిమావాళ్లకు ఉండేదని, మనలాంటివాళ్లకు వర్తించదని తేల్చేశాడు. మూడో ఆయనైతే, "మేకను ఎత్తుకపోయినారని పోలీసు కంప్లయింటు ఇచ్చేస్తే పోలా?" అని, తన జోకుకు తనే బల్ల గుద్ది నవ్వాడు. ఆయన గుమాస్తా కూడా నవ్వాడు. నేను నవ్వలేదు కాబట్టి ఇద్దరూ మెల్లగా ఆపారు.

నెల్లూరులో ఒక అమ్మాయి ఉందని విన్నాను. అమ్మాయి అంటున్నానుగానీ ముప్పై దాటిన మనిషి. సంగం దగ్గర వరి రైతుల బిడ్డ. హైదరాబాదులో కొన్నాళ్లు ఇవే కేసులు చేసి, ఎందుకో తిరిగొచ్చి నెల్లూరులో ఆఫీసు పెట్టింది. ఫీజు దగ్గర నేను బేరమాడాను. ఎంత వాదించినా ఆమె కొంచెం కూడా తగ్గలేదు. నా మీదే ఇంత గట్టిగా నిలబడితే నా తరఫున ఎలా నిలబడుతుందో అనుకుని ఒప్పేసుకున్నాను.

ఆమె నా ఆవేశం వినలేదు. ప్రశ్నలు అడిగింది.

"సంగం గోడకి కూలి తీసుకున్నావా అక్కా?"

"తీసుకోకుండా ఎట్ట వేస్తా?"

"అయితే దాన్ని పక్కన పెట్టు. డబ్బులిచ్చి వేయించుకున్న పెయింటింగు, వేరే ఒప్పందం రాసుకోకపోతే, చట్టం దృష్టిలో వేయించుకున్నోళ్లదే అవుతాది. ఆత్మకూరు గోడలు?"

"అవీ కూలికే."

"అవీ పక్కన పెట్టు." ఆమె కలం ఒక్కో గోడనూ కొట్టేస్తూ పోతోంది. "ఉదయగిరి పక్కన ఆ మొదటి గోడ?"

"దానికి పైసా తీసుకోలేదు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ తిడతా ఉంటారు."

ఆమె కలం కింద పెట్టేసింది. "తిట్టినోళ్లందరికీ స్వీట్లు పంచక్కా. ఆ గోడ నీది. వాళ్లు కాపీ కొట్టింది కూడా ఆ గోడనే. ఇంక మన కేసంతా ఆ ఒక్క గోడే."

నేను ఉబ్బిపోయేలోపే అడిగింది. "కింద సంతకం పెట్టినావా?"

"లేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"కూలికి వేసిన బోర్డు కింద మూలన దుకాణం పేరు రాసుకుంటాం. అది మాకు ప్రకటన. ఊరికే వేసిచ్చినదానికి కూడా పేరు రాసుకుంటే, గుళ్లో ఫ్యాను ఇచ్చి రెక్కల మీద పేరు రాయించుకున్నట్టు ఉంటాది."

"ఫ్యాను ఇచ్చినోళ్లకున్న తెలివి నీకు లేకపోయె" అంది నా లాయరు. మీరు మాత్రం, పిల్లలూ, గీసిన ప్రతిదాని కిందా పేరు రాయండి. ఎవరైనా నవ్వితే నన్ను తలుచుకోండి.

చివరికి ఆమె ఒక షరతు పెట్టింది. "నువ్వు బాగా వాదిస్తావక్కా. అదే నా భయం. కోర్టులో వాదించడానికే నాకు ఫీజు ఇస్తుండావు. నేను మాట్లాడమంటేనే నోరు తెరవాలి. లేకపోతే ఫైలు తీసుకోని పో."

ఇంతవరకూ మా అమ్మ కూడా నాకు పెట్టలేకపోయిన షరతు అది. ఒప్పుకున్నాను.

నెల్లూరు కోర్టులో కేసు వేశాం. తేలేదాకా పుస్తకం అమ్మకం ఆపమని అడిగాం. ప్రచురణ సంస్థ తరఫున పెద్ద ఊరి నుంచి లాయరు వచ్చాడు. బూట్లు తళతళ, గొంతు మెత్తన. ఆయన చెప్పినవి ఇవీ: మేకను మా చిత్రకారుడు సొంతంగా ఊహించి గీశాడు. ఒకవేళ గోడ మీద ఉన్నా, దారిన పోయేవాళ్లందరికీ కనబడే బొమ్మను ఎవరైనా వాడుకోవచ్చు. పైగా ఈ దావా వేసినావిడ జీవితమంతా ఇతరుల బొమ్మలు కాపీ కొట్టి బతికిన మనిషి, ఆవిడ సొంత సృష్టి గురించి మాట్లాడటం విడ్డూరం.

నేను లేచాను. నా లాయరు చెప్పుకాలు నా కాలి మీద పడింది. కూర్చున్నాను.

ఆమె లేచి, బహిరంగ స్థలంలో ఉన్నాయని వాడుకోనిచ్చే మినహాయింపు శిల్పాల్లాంటి వాటికేగానీ రంగుల బొమ్మలకు లేదని చట్టం చదివి వినిపించింది. గోడ మీది చింకి ఫోటోలు చూపించింది. పాత హెడ్మిస్ట్రెస్, తను ఏ వేసవిలో ఆ గోడ వేయించిందో, కూలి ఇవ్వలేకపోయిందో ప్రమాణపత్రంలో చెప్పింది. అవతలి లాయరు చిరునవ్వుతో, "ఈ రోజుల్లో ఫోటోను ఎలాగైనా మార్చవచ్చు, మహాశయా" అన్నాడు. అప్పుడు జడ్జిగారు ఫోటోలు పక్కన పెట్టి, ఒక సీనియర్ లాయరును కమిషనరుగా నియమించారు. ఆయన ఆ ఊరికి వెళ్లి, గోడను కళ్లారా చూసి, పుస్తకంతో పోల్చి, రిపోర్టు రాయాలి.

నాకంటే సంతోషించినవాళ్లు ఉండరు. ఇంటికి రాగానే ఆ బడి హెడ్మాస్టరుకు ఫోను చేశాను. పాతావిడ రిటైరైపోయాక బదిలీ మీద వచ్చిన మనిషి, నెమ్మదస్తుడు.

"సార్, కోర్టు నుంచి పెద్దమనిషి వస్తున్నారు. మీ బడి గోడ చూడ్డానికి."

"కోర్టు నుంచా? గోడ చూడ్డానికా?" ఆయన కుర్చీలోంచి లేచిన చప్పుడు వినబడింది. "మీరేం దిగులు పడొద్దు మేడం. మన బడి పరువు నిలబెడతాం."

ఆ మాట విన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది. మన పల్లెల్లో పెద్దవాళ్లు వస్తున్నారంటే ఏం చేస్తారో నాకు తెలియనిదా?

ఆ రోజు రానే వచ్చింది. కారులో ముందు సీట్లో కమిషనరుగారు, తెల్లమీసాల పెద్దాయన, చేతిలో గొడుగు. వెనక సీట్లో ఇద్దరు లాయర్లూ చెరో కిటికీలోంచి చెరో వైపు చూస్తూ. నేను, మా అన్న వెనకాలే ఆటోలో. బడి గేటు దగ్గర మామిడాకుల తోరణం. హెడ్మాస్టరు శాలువాతో ఎదురొచ్చాడు. పిల్లలు వరసగా నిలబడి నమస్కారం పెట్టారు. వాళ్ల వెనక గోడ.

తెల్లగా ఉంది. నీలిమందు కలిపిన కొత్త సున్నం. ఈ చివర నుంచి ఆ చివరి దాకా.

కొండ లేదు, బస్సు లేదు, సోమశిల లేదు. చింకి లేదు. మధ్యలో మీటరు పెట్టె ఒక్కటే.

"సార్..." అన్నాను. "బొమ్మలేవి సార్?"

"కింద రంగు రేగిపోయి అసయ్యంగా ఉండింది మేడం. గోడ చూడ్డానికొస్తుండారని మీరే చెప్తిరి గదా. అందుకే గోడంతా బాగుచేయించినాం" అన్నాడాయన, మెచ్చుకోలు కోసం మా మొహాల వైపు చూస్తూ.

అవతలి లాయరు ఫైలు తెరిచి, జేబులోంచి కలం తీసి కమిషనరుగారికి అందించాడు. "గోడ తెల్లగా ఉందని రాసుకోండి సార్. ఎండ ముదరకముందే వెళ్లిపోదాం."

నా లాయరు తన ఫైలు మూసేసింది. ఆమె చట్టంలో దీనికి సెక్షను లేదు. మా అన్న తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. నాకు అప్పటిదాకా చట్టాలు నేర్చుకుని నేర్చుకుని నా పని నాకు మరుపొచ్చినట్టుంది. ఆ తెల్లటి గోడను చూస్తుంటే అది గుర్తొచ్చింది.

"హెడ్మాస్టరు గారూ, కొట్టించింది ఏంది? సున్నమా, డిస్టెంపరా?"

"డిస్టెంపరుకి గ్రాంటు యాడుండాది మేడం? సున్నమే."

"ఎన్ని కోట్లు?"

"ఒకటే. రెండోది రేపు కొడతామన్నారు."

లాయరుకు ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుని నా లాయరు వైపు చూశాను. నా కళ్లల్లో ఏం కనబడిందో ఏమో, ఆ అమ్మాయి ఒకడుగు పక్కకు జరిగి, "ఇప్పుడు మాట్లాడక్కా" అంది.

"కమిషనరు గారూ" అన్నాను, "నా బొమ్మలు ఎనామిల్ రంగుతో వేసినవి. నున్నగా ఉంటాయి. దానిమీద ఒక కోటు సున్నం పట్టదు. తడిపితే సున్నం గాజులాగా అయిపోయి అడుగున ఉన్నది పైకి కనబడుతుంది. నీళ్లు ఇప్పించండి."

"అభ్యంతరం!" అన్నాడు బూట్ల లాయరు. "సాక్ష్యాన్ని తారుమారు చేస్తున్నారు."

నా లాయరు ముందుకొచ్చింది. "సాక్ష్యం లేదని, గోడ తెల్లగా ఉందని ఇప్పుడే చెప్పారు కదండీ. లేనిదాన్ని తారుమారు ఎట్లా చేస్తాం? సార్, ముందు గోడను ఉన్నదున్నట్టు ఫోటో తీయించండి. తర్వాత మా క్లయింటు, తడపకముందే, అడుగున ఎక్కడ ఏముందో చెబుతుంది. మీరు రాసుకోండి. అప్పుడు తడుపుదాం."

కమిషనరుగారు గొడుగు ముడిచారు. "చెప్పమ్మా."

చెప్పాను. మీటరు పెట్టెకు కుడిపక్కన జానెడు దూరంలో మేక కన్ను. మెడ పెట్టె కింద నుంచి చుట్టి వస్తుంది. కిటికీ పైన కొండ మెట్టులా తెగుతుంది. వానగొట్టం పక్కన బస్సు చక్రం సగం. ఆయన రాసుకున్నారు. రాసుకుని, కలం మూసి, "ముందు మెయిన్ ఆపండయ్యా, ఎవరికైనా షాక్ కొట్టిందంటే ఆ రిపోర్టు కూడా నేనే రాయాలి" అన్నారు.

మధ్యాహ్న భోజనం వండే ఇద్దరు ఆడవాళ్లు బకెట్లతో నీళ్లు తెచ్చారు. మొదటి బకెట్లో నా అరచెయ్యి ముంచి, జానెడు కొలిచి, గోడకు ఆనించాను. కాసేపు ఉంచి తీశాను.

నా చేతి అచ్చులోంచి ఒక కన్ను మమ్మల్ని చూస్తోంది. అదే పొగరు.

"చింకీ!" అని అరిచింది పిల్లల వరసలో ఎవరో. ఇంక వరస లేదు, నమస్కారం లేదు. వంటామె చెంగు దోపుకుని, "జరగండి సార్లూ!" అని బకెట్ ఎత్తి కొట్టింది. రెండో ఆమె గోనెసంచి తడిపి రుద్దింది. తెల్లటి నీళ్లు కారిపోతుంటే కొమ్ములొచ్చాయి, చిరిగిన చెవి వచ్చింది, మీటరు పెట్టెను చుట్టుకుంటూ మెడ వచ్చింది. మా అన్న తువ్వాలు తడిపి కిటికీ మీదికి ఎక్కేశాడు, కొండ కోసం. హెడ్మాస్టరు మొదట అయ్యో సున్నం అన్నాడు, తర్వాత ఆయనే ఒక చెంబు పట్టుకున్నాడు.

కమిషనరుగారు పుస్తకం తెరిచి గోడ పక్కన పట్టుకున్నారు. తలెత్తి, దించి, మళ్లీ తలెత్తి చూశారు.

"ఇక్కడ మీటరు పెట్టె ఉంది కాబట్టి మెడ వంగింది. మీ పుస్తకంలో ఎందుకు వంగిందండీ?"

"అది... కళాకారుడి స్వేచ్ఛ సార్."

"మరి బస్సు చక్రం?"

ఆయన బూట్ల మీద పడ్డ సున్నం చుక్కలు తుడుచుకోసాగాడు. నేను నా లాయరు వైపు చూశాను. ఆమె తల ఊపింది.

"సార్, కోర్టులో నన్ను కాపీ కొట్టి బతికిన మనిషి అన్నారు. నిజమే, నా వృత్తే అది. అందుకే చెప్తుండా. కాపీ కొట్టడం తెలిసినవాళ్లు ముందు అడ్డాలు తీసేసి, తర్వాత బొమ్మ వేస్తారు. మీవాడు అడ్డాలను కూడా గీసినాడు. ఆ పిల్లోణ్ణి మా దుకాణానికి పంపండి, మా అన్న నేర్పిస్తాడు."

"చాలక్కా" అంది నా లాయరు. కానీ నవ్వు ఆపుకోలేకపోతోంది. కమిషనరుగారు మీసాల కింద ఏం చేస్తున్నారో మాకు కనబడకుండా తల తిప్పుకున్నారు.

ఆయన రిపోర్టు చేరాక జడ్జిగారు అమ్మకం ఆపేశారు. ఆ తర్వాత రాజీకి ప్రచురణ సంస్థ మేనేజరే దిగొచ్చాడు. మీ గోడ మాకు స్ఫూర్తినిచ్చిందని రాసుకుందాం అన్నాడు. "స్ఫూర్తికి సగం చక్రం ఎట్లా వచ్చిందండీ?" అంది నా లాయరు. అమ్మకుండా మిగిలిన పుస్తకాలన్నీ వెనక్కి తీసుకున్నారు. నాకు రావాల్సింది ఇచ్చారు. జాక్ మళ్లీ చింకి అయింది. కొత్త ముద్రణలో అట్ట మీద నా పేరు, లోపల నా గోడ ఫోటో, ఇకపై అమ్మే ప్రతి పుస్తకం మీదా నాకు వాటా. ఇవన్నీ కోర్టులో రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. అచ్చుకు పోయేముందు వాళ్ల చిత్రకారుడు ఫోను చేశాడు. గొంతు వింటే చాలా చిన్నవాడు.

"సారీ మేడం. ఎవరిదో చెప్పకుండా ఫోటో ఇచ్చి గీయమన్నారు. ఈసారి మెడ తిన్నగా చేసి పంపనా? పేజీలో మీటరు లేదు కదా."

"వెంట్రుకంత కదిల్చినా మళ్లీ నెల్లూరులో కలుస్తాం నాయనా" అన్నాను. "ఆ వంపే ఉంచు."

ఆత్మకూరు కరస్పాండెంటు కూడా మళ్లీ కబురు పెట్టాడు. "మేకను నీ ఇష్టమొచ్చినట్టు ఎయ్యమ్మా, మేం అడ్డం చెప్పం" అన్నాడు. వేశాను, బొమ్మ నాదేనని కాగితం రాసుకునే వేశాను. మా దుకాణం కూలికి చేసిన చివరి పని అదే. భుజం నొప్పి వచ్చి ఇంక నిచ్చెన ఎక్కలేకపోయాను. మా అన్న పక్క వీధిలో మనవళ్లకు అక్షరాలు దిద్దిస్తూ, నేనే వాదించుంటే ఈ కేసు ఇంకా ముందే గెలిచేవాణ్ణని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనివ్వండి.

భుజం ఇంకా ఆడుతున్నప్పుడే, దుకాణం మూసేముందు ఒకసారి ఆ ఊరికి వెళ్లాను. సున్నం మరకలు తుడిచి, రేగిపోయిన రంగులు దిద్దాను. ఈసారి కూడా కూలి తీసుకోలేదు. చివర్న సన్న బ్రష్షు తీసుకుని పేరు రాయబోతే హెడ్మాస్టరు, "కింద మూలన రాయండి మేడం, అందంగా ఉంటాది" అన్నాడు. కింద రాస్తే పిల్లల వీపులకు రాసుకుని ఏడాదిలో చెరిగిపోతుంది. నిచ్చెన మీటరు పెట్టె కిందికి జరపమన్నాను. ఇంటిపేరుతో సహా, పెట్టె పక్కనే, కళ్లకు కొట్టొచ్చేంత ఎర్రగా రాశాను. బడికి ఇంకెవరొచ్చినా రాకపోయినా, రీడింగు తీసే మనిషి నెలనెలా వస్తాడు. ఆ పేరు చదవకుండా అతను మీటరు చూడలేడు.